బోణీ అయిందా?

మా తోటికోడలికి ఇంగ్లీషు వ్యాకరణం మీద ఉన్న ఇష్టం నాకు బంగారం మీద కూడా లేదు. ఎగతాళికి అనడం లేదు. నిడదవోలు బజారులో బట్టల కొట్టున్న ఇంటికి పెద్దకోడలిగా వచ్చి, ఇద్దరు పిల్లల్ని పెంచి, వాళ్ళు కాలేజీ హాస్టళ్ళకి వెళ్ళాక ఆవిడ ప్రైవేటుగా డిగ్రీ కట్టింది. ఆ తరవాత రాజమండ్రి రైల్లో వెళ్ళొస్తూ బీఎడ్ కూడా పూర్తి చేసింది. నలభై దాటిన మనిషి పొయ్యి మీద పప్పు ఉడికేలోపు గో, వెంట్, గాన్ అని గొణుక్కుంటుంటే నేను మొదట్లో నవ్వేదాన్ని. ఆవిడ గరిటె తిప్పడం ఆపకుండానే నాతో పాటు నవ్వేసి, మళ్ళీ మొదలుపెట్టేది. అలాంటి మనిషిని ఎంతకాలమని ఏడిపిస్తాం? కొన్నాళ్ళకి నేనే పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకోవడం మొదలుపెట్టాను.

నేను ఆవిణ్ణి అక్క అంటాను. మాది ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు దాటకుండా ఎవరూ వీధిలోకి వెళ్ళలేరు. ఆ కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది మా మావయ్యగారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. మెట్టెక్కిన మనిషిని ఏదో ఒకటి కొనకుండా దిగనివ్వరని బజారంతా చెప్పుకుంటారు. మా ఆయన, బావగారు ఎంత పెద్దవాళ్ళయినా ఆయన ముందు ఇప్పటికీ కుర్రాళ్ళే.

మావయ్యగారికి బోణీ పట్టింపు చాలా ఎక్కువ. బోణీ పట్టింపు లేని కొట్టు ఎక్కడుంది అనకండి, మా కొట్టుది వేరు. పొద్దున్న మొదటి బేరం అయ్యేదాకా గల్లాపెట్టె మూత లేవదు. చిల్లర లేదు, అరువు లేదు, చివరికి గుడి చందా కూడా లేదు. ఆ మొదటి బేరం డబ్బు చేతిలో పడాలి, ఫోన్లో కొడితే చెల్లదు. అన్నిటికన్నా పెద్ద ఆనవాయితీ ఇంకోటుంది. మొదటి మనిషిని ఎవరు రమ్మని పిలిస్తే బోణీ వాళ్ళదే. మధ్యలో చేతులు మారకూడదు. బావగారికి ఒకసారి జ్వరం కాసి వణుకుతున్నా, తను పిలిచిన బేరమని పూర్తిచేశాకే పోయి పడుకున్నారు.

రైలు గేటు అవతల ఉన్న ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరు కావాలని తెలిసి అక్క దరఖాస్తు పెట్టింది. పెట్టాక గానీ ఇంట్లో చెప్పలేదు. మా ఇంటి కోడళ్ళెవరూ అంతవరకు బయట ఉద్యోగం చెయ్యలేదు. కొట్టులో సాయం చెయ్యడం వేరు, ఇంకొకరి దగ్గర జీతానికి చెయ్యడం వేరు అనేది మావయ్యగారి లెక్క. ఆయన కంచం ముందు కూర్చుని ఉండగా అక్క విషయం చెప్పింది. ఆయన నిదానంగా మజ్జిగ పోసుకున్నారు.

"ఒక్కసారి వెళ్ళి చూసుకో అమ్మాయ్," అన్నారు ఆఖరికి. "వస్తే చేసుకో. నేను అడ్డుపడను. రాకపోతే మాత్రం ఇంక ఆ ఊసెత్తొద్దు. కొట్టు చూసుకుందువుగాని."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. చదివిన ఏళ్ళన్నీ ఒక్క పూటలో తేలిపోవాలన్నమాట. అక్క మాత్రం "సరేనండీ మావయ్యగారూ" అని కంచం తీసింది. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఆవిడకి నాకన్నా ముందునుంచీ తెలుసు.

స్కూలువాళ్ళు డెమో క్లాసు చెప్పమన్నారు. ఏడో తరగతికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్. ఆ పేరు వినగానే నాకు చిన్నప్పటి వేపబెత్తం గుర్తొచ్చింది. హ్యావ్, హ్యాజ్, ఆ పక్కన క్రియ మూడో రూపం. బోర్డు మీద గళ్ళు గీసి నింపించేవారు. గళ్ళు నింపాను, పరీక్ష పాసయ్యాను, అదెందుకో మాత్రం నాకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

అక్క మధ్యాహ్నంపూట నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టింది. రంగురంగుల చార్టు రాసింది. సూత్రాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. నేను ఓపిగ్గా విని, చివరికి ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, ఐ ఏట్ అన్నా తిన్నట్టే. ఐ హ్యావ్ ఈటెన్ అన్నా తిన్నట్టే. కడుపుకి తేడా ఏంటి?"

అక్క చార్టు వైపు చూసింది. పుస్తకం తిరగేసింది. "ఇప్పుడే ముగిసిన పనికి వాడతారు" అంది. "నిన్న తిన్నది కూడా ముగిసిందేగా" అన్నాను. ఆ సాయంత్రమంతా ఆవిడ ధ్యాస ఆ ప్రశ్న మీదే. కొత్తిమీర కోస్తూ కోస్తూ ఆగిపోయేది. రాత్రి భోజనాల దగ్గర నాతో, "నీకు చెప్పలేనిదాన్ని ఆ పిల్లలకేం చెప్తానే," అంది. ఆ గొంతు విన్నాక నా నోటి దురుసు మీద నాకే కోపమొచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ మావయ్యగారికి కాఫీ పట్టుకుని కొట్టులోకి వెళ్ళింది, వెనకాలే నేను టిఫిను పట్టుకెళ్ళాను. ఎదురుగా ఉన్న పాత్రల కొట్టాయన ఐదొందల నోటుతో వచ్చాడు.

"చిల్లరుందాండీ?"

"ఇంకా బోణీ అవలేదండి," అన్నారు మావయ్యగారు.

ఆయన "సరేనండి" అని తిరిగి వెళ్ళిపోయాడు. ఏమీ అనుకోలేదు. తన కొట్టులో తనూ అంతే మరి. ఇది మా బజారులో రోజూ జరిగేదే. కానీ అక్క కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మావయ్యగారు చెయ్యి చాపి తీసుకోవాల్సి వచ్చింది. లోపలికి రాగానే నా మణికట్టు పట్టుకుంది.

"ఇందాక ఆయన చిల్లరడిగితే మావయ్యగారేమన్నారు?"

"బోణీ అవలేదన్నారు."

"అయ్యుంటే?"

"పెట్టె తీసేవారు."

"ఎన్నింటికయిందో, ఎవరు చేశారో ఆయనకి కావాలా?"

"ఎందుకూ? అయితే చాలుగా."

"అదేనే నువ్వడిగింది," అంది అక్క. ఆవిడ మొహం అంత వెలిగిపోవడం నేను ఆవిడ బీఎడ్ పాసైన రోజు కూడా చూడలేదు. "నిన్న తొమ్మిదింటికి బోణీ అయిందనుకో. అది నిన్నటి కబురు. ఆ మాటతో ఇవాళ పెట్టె తెరుచుకోదు. అది సింపుల్ పాస్ట్. బోణీ అయింది రండి అన్నామనుకో, జరిగింది ఇందాకే అయినా మాట ఇప్పటిది. పెట్టె ఇప్పుడు తీస్తాం. అది ప్రెజెంట్ పర్ఫెక్ట్. ఎప్పుడు అని అడిగావా, హ్యావ్ అక్కడ నిలవదు. ఐ హ్యావ్ ఈటెన్ అంటే తిన్న కథ చెప్పడం కాదు. నాకు ఇప్పుడు వడ్డించొద్దని చెప్పడం. కడుపుకి తేడా లేదే. వడ్డించేవాళ్ళకి తేడా."

పాతికేళ్ళ కిందట గళ్ళల్లో నింపిన ముక్క ఆ వంటింట్లో నాకు అర్థమైంది. దానికి ఒక పాత్రల కొట్టాయన, ఒక ఐదొందల నోటు సరిపోయాయి. వాటిని నేనూ రోజూ చూస్తూనే ఉన్నాను. చూడటం వేరు, అందులోంచి పాఠం తియ్యడం వేరు. అది అందరికీ వచ్చే విద్య కాదు. ఆ మాట ఆవిడతో అంటే, "పొగిడింది చాలు, ఇంకో ఉదాహరణ చెప్పు," అని నన్నే పరీక్ష పెట్టింది.

డెమో రోజు పొద్దున్నుంచి సన్నగా తుంపర. మా ఆయన, బావగారు సరుకుకి వెళ్ళారు. కొట్టులో పనివాళ్ళు ఇంకా రాలేదు. మావయ్యగారు అగరొత్తులు వెలిగించి, మూసిన పెట్టె ముందు కూర్చున్నారు. అక్క గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, చార్టు చుట్ట చంకన పెట్టుకుని కొట్టులోంచి బయల్దేరింది. పది గంటలకి క్లాసు. నేను వీధిలో స్కూటీ స్టార్ట్ చేసి కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ గొడుగు ముడుస్తూ మెట్టెక్కింది. అక్క ఆమెకి ఎదురుపడింది. ఇరవై ఏళ్ళ అలవాటు నోటి చివరే ఉంటుంది కదా.

"రండమ్మా, రండి, కూర్చోండి," అంది.

అనేశాక నాలిక కరుచుకుంది. నేను స్కూటీ ఆపేశాను. పిలిచిన మనిషిదే బోణీ.

"ఆయ్, మనవడికి పంచెల ఫంక్షనండి," అంది పెద్దావిడ పరుపు మీద సర్దుకుని కూర్చుంటూ. "చుట్టాలకి పెట్టుబడి చీరలు కావాలి. తొందరేం లేదులెండి, నెమ్మదిగానే చూపించండి."

అక్క చార్టు పక్కన పెట్టి కూర్చుంది. చీర మీద చీర విప్పింది. ఇది ముదురు రంగంది పెద్దావిడ, అది పల్చనంది. నచ్చినవి వేరే పెట్టి, మళ్ళీ వాటిలోంచే తీసేసింది. సామర్లకోటలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేసి ఒక్కో చీరా చూపించింది. మధ్యలో సిగ్నల్ పోతే మొదటి చీర నుంచి మళ్ళీ మొదలు. పెద్దావిడ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే నేను వీధిలో హారన్ మీద హారన్ కొట్టాను. అక్క మొహంలో మాత్రం ఎక్కడా విసుగు లేదు. ఏ చీర మడత విప్పినా అదే మొదటి చీర అన్నంత శ్రద్ధగా విప్పింది. గోడ గడియారం వైపు కూడా చూడలేదు. కోపం పట్టలేక లోపలికొచ్చిన నేను ఆ నిబ్బరం చూసి గుమ్మంలోనే ఆగిపోయాను.

మావయ్యగారు అంతా చూస్తున్నారు. ఒక్క మాట అనరేం? కోడలు స్కూలుకి వెళ్ళకపోతే ఈయనకి పీడా పోయినట్టే కాబోలు అనుకున్నాను. అప్పుడాయన లేచారు.

"పెద్దమ్మాయ్, నువ్వు బయల్దేరు."

"బోణీ అవలేదు కదండీ మావయ్యగారూ. నేను పిలిచిన బేరం," అంది అక్క.

"అది నేను చూసుకుంటాను. నువ్వెళ్ళిరా."

ఆయన మొహం చూస్తే ఏమీ తెలియలేదు. అక్క పెద్దావిడకి నమస్కారం పెట్టి లేచింది. చార్టు అక్కడే మర్చిపోయింది. రైలు గేటు పడి ఆగాల్సొచ్చినప్పుడు గానీ అది మా ఇద్దరికీ గుర్తు రాలేదు. వినాయకుడి పెళ్ళికి వెయ్యి విఘ్నాలని ఊరికే అనలేదు. బొగ్గు గూడ్సు ఒకటి నిదానంగా పోతూ ఉంది. చార్టు లేదు, టైము దాటిపోయింది. వెనక కూర్చున్న అక్క ఏడుస్తోందేమోనని తిరిగి చూశాను.

"మావయ్యగారు ఎప్పుడూ చేతులు మారనివ్వలేదే," అంది అక్క. "నా కోసం మారింది."

"ముందు నీ పాఠం సంగతి చూడు తల్లీ," అన్నాను.

స్కూల్లో ప్రిన్సిపల్ మేడం గోడ గడియారం వైపు చూసి, ఆ తరవాత మా వైపు చూశారు. ఆలస్యానికి కారణం ఇంగ్లీషులోనే అడిగారు. అక్క ఏదో ఒక సాకు చెప్పొచ్చు. గేటు పడిందంటే సరిపోయేది, అది నిజమే కూడా. ఆవిడ మాత్రం, మా కొట్టులో మొదటి బేరం నా చేతిలో ఉందండీ, వెంటనే వదిలి రాలేకపోయాను అని తడబడకుండా ఇంగ్లీషులో చెప్పింది. మేడం కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "పీరియడ్‌లో కొంచెమే మిగిలింది. సరే, వెళ్ళండి," అని తనూ వెనక బెంచీలో కూర్చున్నారు. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను.

అక్క సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఏమీ రాయకుండా పిల్లల వైపు తిరిగింది. నేనెందుకు ఆలస్యంగా వచ్చానో చెప్పనా అని అడిగింది. పెద్దావిడ, గొడుగు, సామర్లకోట చెల్లెలు, పోయిన సిగ్నల్, అన్నీ చెప్పింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. సగం మంది కొట్లున్నవాళ్ళ పిల్లలే, ముందుకి వంగి విన్నారు. కథ అక్కడితో ఆపేసింది. క్లాసు ఊరుకోలేదు.

"అయితే బోణీ అయిందా టీచర్?" అని ఒకమ్మాయి అడిగేసింది.

"నాకూ తెలియదు," అంది అక్క. "నేను వచ్చేసరికి అవలేదు. ఎన్నింటికి అయిందని ఎందుకు అడగలేదు నువ్వు?"

"టైముతో ఏం పనండీ? అయిందా లేదా అని అంతే."

అప్పుడు అక్క ఆ పిల్ల ప్రశ్ననే ఇంగ్లీషులో బోర్డు మీద రాసింది. దాని కింద పెట్టె తెరుచుకునే వాక్యం, దాని కింద నిన్నటి కబురు వాక్యం. తను బయల్దేరేసరికి అవని బోణీకి హ్యాడ్ పెట్టి, గడిచిపోయిన వేళకి ఏది అయిందో ఏది అవలేదో అది చెప్తుందంది. ఇంకెవరైనా చెప్తారా అని అడిగితే వెనక వరసలోంచి రైతు బిడ్డ ఒకతె లేచింది. ద వాటర్ హ్యాజ్ కమ్ టు ద కెనాల్ అంది.

"వచ్చింది, సరే. అయితే ఇప్పుడేంటి?" అంది అక్క.

"ఇప్పుడు మా నాన్న ఇంట్లో దొరకడండి. ఊడ్పులకి పోయాడు."

క్లాసంతా నవ్వింది, మేడం కూడా. అక్క ఆ పిల్లని ముందుకి పిలిచి, నేను చెప్పిందానికన్నా నువ్వు బాగా చెప్పావంది. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. మా వయసువాళ్ళం బెత్తం భయంతో నేర్చుకున్నది ఈ పిల్లలు నవ్వుతూ నేర్చేసుకున్నారు. కిటికీ దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి, తుంపర అనుకుని తుడుచుకున్నాను. మేడం బయటికొచ్చి, సోమవారం నుంచి వచ్చెయ్యండి అన్నారు.

ఆఫీసులో కాగితాలన్నీ పూర్తిచేసి మేం ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కొట్టు ముందు పాత్రల కొట్టాయన నోటు చేత్తో పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు.

"ఇవాళ మీ మావగారికేమైందమ్మా? తలుపులు తెరిచి బేరాలు మూశారు. ఎవరొచ్చినా పెద్దకోడలు వచ్చాక రమ్మంటున్నారు. నాకు పొద్దున్నుంచీ చిల్లర లేదు."

లోపలికి చూశాం. పరుపు మీద చీరలు అక్క విప్పినవి విప్పినట్టే ఉన్నాయి, ఒక్క మడత కదల్లేదు. పనివాళ్ళు స్తంభాలకి ఆనుకుని ఖాళీగా కూర్చున్నారు. పెద్దావిడ ఈలోగా బజారు పనులు చూసుకొచ్చినట్టుంది, కూరగాయల సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని మావయ్యగారు తెప్పించిన కాఫీ తాగుతోంది. గల్లాపెట్టె మూసే ఉంది. దాని మీద పొద్దుటి అగరొత్తి బూడిద కూడా అలాగే ఉంది. మెట్టెక్కిన మనిషిని దిగనివ్వని మనిషి, ఆ పూటంతా వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేశారు. చేతులు మారనివ్వలేదు.

అక్క చెప్పులు విడవడం కూడా మర్చిపోయి గుమ్మంలో నిలబడిపోయింది. మావయ్యగారు జీతమెంతని అడగలేదు, ఎన్నింటికి వెళ్ళావని అడగలేదు.

"అయిందా?" అన్నారు.

"అయిందండీ మావయ్యగారూ."

ఆయన తలూపారు. "అయితే కూర్చో. ఆవిడ పొద్దున్ననగా వచ్చారు."

అక్క పరుపు మీద కూర్చుంది. పెద్దావిడ ఎంచి పెట్టుకున్న చీరలన్నీ తీసుకుని నోట్లు అక్క చేతిలో పెట్టింది. "ఆయ్, మీ మావగారు మీరొస్తే గానీ ఇవ్వనన్నారమ్మా," అంది. అక్క ఆ డబ్బు మావయ్యగారికి అందించబోయింది. ఆయన తీసుకోలేదు. పెట్టె ముందు నుంచి పక్కకి జరిగారు.

"నువ్వే వెయ్యమ్మా."

నేను ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ పొద్దుటి పెట్టె మూత ఆయన చేత్తో తప్ప లేవడం చూడలేదు. అక్క రెండు చేతులతో మూత ఎత్తింది, నోట్లు కళ్ళకద్దుకుని లోపల పెట్టింది. మావయ్యగారు కండువా భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చారు.

"చిల్లర కావాలన్నారు కదండీ," అన్నారు పాత్రల కొట్టాయనతో. "రండి. మా పెద్దకోడలు బోణీ చేసింది."